కడియం ఎటు వైపు?

పక్కింటి పెద్దాయన గ్యారేజీలో ఆ చీలిన చెక్కను చూసేదాకా, అమెరికాలో నా చేతికి తగిన పని ఒకటి దొరుకుతుందని నేననుకోలేదు.

2019 మే నెలలో నేనూ మా ఆవిడా మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. అయోవా రాష్ట్రంలో డి మోయిన్ అనే నగరం, దాని శివారు. ఆ ఊరు బీమా కంపెనీలకు పేరు. మావాడు అలాంటి ఒక కంపెనీలోనే కంప్యూటర్ల ఉద్యోగం చేస్తాడు. ఊరు దాటామంటే ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చేలే. మొదటి పదిహేను రోజులూ బాగానే గడిచాయి. ఆ తరువాత మా ఆవిడకు వంటిల్లు దొరికింది, మనవరాలు దొరికింది. నాకు సోఫా దొరికింది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై నాలుగేళ్ళు లారీల కమాను కట్టల పని చేసినవాణ్ణి. బండి బరువంతా మోసే ఇనప పట్టీల కట్టలు ఉంటాయి చూశారూ, అవి. విరిగిన పట్టా తీసి కొత్తది వేయడం, కుంగిన వాటిని కాల్చి మళ్ళీ వంపు తేవడం, యూ బోల్టులు బిగించడం. అలాంటి చేతులు ఊరికే ఉండమంటే ఉంటాయా? ఒకరోజు గడ్డి కోసే మిషను కాస్త చప్పుడు చేస్తోందని విప్పబోయాను. "మామయ్యగారూ, దానికింకా వారంటీ ఉందండీ" అంది మా కోడలు, నవ్వుతూనే. రెంచి కింద పెట్టేశాను.

పక్కింట్లో ఒక పెద్దాయన. నాకంటే ఆరేళ్ళు పెద్ద. భార్య పోయింది. పొలం కొడుక్కి అప్పగించి, ఊళ్ళోకి వచ్చి ఒంటరిగా ఉంటున్నాడు. పొద్దున్నే గ్యారేజీ తలుపు పైకెత్తి, కుర్చీ వేసుకుని, ఏదో ఒకటి తుడుస్తూ ఉండేవాడు. నా ఇంగ్లీషు ఆటోనగర్ ఇంగ్లీషు. అంటే స్పేర్ పార్టుల పేర్లు మాత్రం గడగడా వచ్చు, మధ్యలో క్రియలు ఉండవు. ఆయనకు కుడి చెవి సరిగా వినపడదు. అందుకేనేమో మా ఇద్దరికీ బాగా కుదిరింది.

జూన్‌లో ఒక ఉదయం వెళ్ళేసరికి బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద ఒక తుపాకీ విప్పి పెట్టాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

తుపాకీ అంటే నాకు ఇష్టం లేదు. ఇప్పటికీ లేదు. ఆ దేశంలో తుపాకులతో జరిగే ఘోరాలు పేపర్లో చదివేవాణ్ణే కదా. మా చిన్నప్పుడు మా ఊరి మునసబుగారింట్లో ఒక రెండు గొట్టాల తుపాకీ ఉండేది. అడవిపందులు చేలో పడితే గాలిలోకి కాల్చేవారు. మన దగ్గర లైసెన్సు రావడమే గగనం, వచ్చినా ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. అక్కడ మాత్రం గడ్డి మిషను పక్కనే తుపాకీ.

ఆ సాయంత్రం మా అబ్బాయికి చెబితే గాభరా పడ్డాడు. "నాన్నా, చూస్తే చూడు గానీ చేత్తో పట్టుకోకు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి కానీ మనకెందుకు" అన్నాడు. పెద్దాయనకు ఆ మాట నేనే చెప్పాను. ఆయన తల ఊపి, నేను వెళ్ళినప్పుడల్లా ముందు తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, అప్పుడు విప్పేవాడు. విప్పిన స్ప్రింగు, చెక్క మాత్రం నా చేతికిచ్చేవాడు. తుపాకీ ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది.

అది ఆయన తండ్రిగారిది. 1956లో కొన్నది. గొట్టం మీద బెల్జియంలో తయారైందని చెక్కి ఉంది. పేరు బ్రౌనింగ్ ఆటో-5. దాని వీపు భాగం నిటారుగా గోడలా లేచి ఉంటుంది, అందుకని 'గూని తుపాకీ' అంటారట. దాని కథ కూడా బాగుంది. యూటా రాష్ట్రంలో ఆగ్డెన్ అనే ఊళ్ళో తుపాకులు బాగుచేసే ఇంట్లో పుట్టిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ దీనికి రూపకల్పన చేశాడు. 1900లో పేటెంటు వచ్చింది. అప్పటిదాకా వించెస్టర్ కంపెనీకి తన నమూనాల్ని ఏకమొత్తంగా అమ్మేసేవాడు. దీనికి మాత్రం అమ్మిన ప్రతి తుపాకీ మీదా ఇంత అని ఇమ్మన్నాడు. వాళ్ళు కుదరదన్నారు. రెమింగ్టన్ కంపెనీ అధ్యక్షుణ్ణి కలవబోతే, ఈయన బయట ఎదురుచూస్తుండగానే ఆయన గుండె ఆగి చనిపోయాడు. అది 1902 జనవరి. దాంతో బ్రౌనింగ్ ఓడెక్కి బెల్జియం వెళ్ళి, లీజ్ నగరం దగ్గరి ఎఫ్‌ఎన్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. తరువాత రెమింగ్టన్ వాళ్ళు కూడా అనుమతి తీసుకుని దీన్ని తయారుచేశారు. చివర్లో జపాన్‌లో చేశారు. 1998 దాకా ఇది తయారైంది. ఒక మిషను నమూనా తొంభై ఆరేళ్ళు నిలబడిందంటే, చేసినవాడికి నేను దణ్ణం పెడతాను, అది తుపాకీ అయినా సరే.

సరే, పెద్దాయన గొడవకొద్దాం. గొట్టం కింద ఎడమచేత్తో పట్టుకునే చెక్క ఒకటి ఉంటుంది. పల్చటి వాల్‌నట్ చెక్క, లోపల గుల్లగా ఉంటుంది. అది చీలిపోతోంది. 2013లో మొదటిసారి చీలింది, జిగురు పెట్టి అతికాడు. 2016లో మళ్ళీ. కొత్తది కొని వేశాడు. అది 2018లో చీలింది. భుజానికి ఆనించే మడమ చెక్కలో కూడా, ఇనుముకు తగిలే చోట, వెంట్రుక మందాన ఒక గీత మొదలైంది.

"మా నాన్న చేతిలో యాభై ఏళ్ళున్నా గీత పడలేదు. నా చేతిలోనూ ఎప్పుడూ విరగలేదు. మా అబ్బాయి తీసుకెళ్ళిన ప్రతిసారీ విరిగి వస్తుంది" అన్నాడు. కొడుకు దాన్ని ట్రక్కులో పడేస్తాడని, కంచెలు దాటేటప్పుడు కింద కొడతాడని ఆయన నమ్మకం. 2018 శీతాకాలంలో ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "నీకిక తుపాకీ ఇవ్వను" అన్నాడట ఈయన. "అక్కర్లేదు" అన్నాడట అతను. అప్పటినుంచి ఫోన్లు తగ్గిపోయాయి. మనవడికి పద్నాలుగేళ్ళు. ఆ ఏడాది అక్టోబరులో ముత్తాత తుపాకీతో మొదటిసారి వేటకు వెళ్ళాలని వాడి ఆశ. ఈయనేమో దాన్ని గోడకు తగిలించేస్తానంటున్నాడు.

నాకెందుకో లోపల ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఎందుకో తరువాత చెబుతాను.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. విరిగిన ముక్కను పారేయకుండా ముందు దాని ముఖం చూడాలి. ఆ చెక్క వెలుపల చూశాను. దెబ్బ తగిలిన చొట్ట లేదు, గీతలు లేవు. కింద పడితే మూల నలుగుతుంది. ఇది పోగుల వెంబడి, వెనక అంచు నుంచి ముందుకు చీలింది. అంటే దెబ్బ బయటినుంచి తగల్లేదు. లోపలినుంచే తగిలింది. "పడేయలేదు" అన్నాను, చేత్తో కింద పడేసినట్టు చూపించి, తల అడ్డంగా ఊపుతూ. ఆయన నమ్మలేదు.

లోపలినుంచి కొట్టేది ఏమిటో తెలియాలంటే అది ఎలా పనిచేస్తుందో తెలియాలి. విప్పి చూపించమన్నాను.

ఈ తుపాకీలో ఒకసారి మీట నొక్కితే ఒక్క తూటానే పేలుతుంది. ఖాళీ తొడుగును తనే బయటికి విసిరి, తరువాతి తూటాను తనే ఎక్కించుకుంటుంది. ఆ పనికి కావలసిన బలం ఎక్కడిదంటే, పేలినప్పుడు వెనక్కి తన్నే తన్నులోంచే. చాలా తుపాకుల్లో గొట్టం కదలదు. ఇందులో గొట్టం మొత్తం వెనక్కి జరుగుతుంది. గొట్టమూ, దాని వెనక తలుపులాంటి బోల్టూ ఒకదానికొకటి గట్టిగా పట్టుకుని ఒక తూటా పొడవుకు పైగా వెనక్కి వస్తాయి. అక్కడ పట్టు వదిలాక గొట్టం ముందుకు వెళ్ళిపోతుంది, ఖాళీ తొడుగు పక్కకు ఎగిరిపడుతుంది, వెనకాలే బోల్టు కొత్త తూటాను తోసుకుంటూ మూసుకుంటుంది. ఇదంతా రెప్పపాటులో.

వెనక్కి వచ్చే గొట్టాన్ని ఆపడానికి ఆ చెక్క లోపల, తూటాలుండే గొట్టం చుట్టూ ఒక పెద్ద స్ప్రింగు. దాని ముందు చీలికలున్న ఒక కంచు కడియం. ఇంకో ఉక్కు కడియం.

చూడగానే నాకు నవ్వొచ్చింది. స్ప్రింగూ, బ్రేకూ. నా ముప్ఫై నాలుగేళ్ళ బతుకూ ఇవే కదా!

మొదట చెక్కను పట్టి ఉంచే మూతను అనుమానించాను. అది వదులుగా ఉంటే చెక్క ముందుకూ వెనక్కూ ఆడి చీలుతుంది. బాగానే బిగిసి ఉంది. తరువాత నూనె. చెక్క లోపలి భాగం నల్లగా నాని ఉంది. పెద్దాయనకు నూనె అంటే మహా ఇష్టం, వారానికోసారి ధారగా పోస్తాడు. కంచు కడియం ఒరుసుకుంటూ ఆపాల్సిన చోట నూనె పోస్తే అది ఆపుతుందా, జారుతుందా? బ్రేక్ డ్రమ్ములో గ్రీజు పూసినట్టే. నానిన చెక్కకు బలమూ తగ్గుతుంది. తుడిపించాను. ఆయన అయిష్టంగానే తుడిచాడు.

తరువాత స్ప్రింగు. నా లెక్కలో దొంగ అదే. అరవై ఏళ్ళ స్ప్రింగు కుంగకుండా ఉంటుందా? కొత్తది తెప్పించమన్నాను. వారంలో వచ్చింది. పక్కపక్కన పెడితే పాతది రెండు వేళ్ళు పొట్టిగా ఉంది. నేను గర్వంగా చూశాను. మా ఆవిడకు ఆ రాత్రి అన్నం తింటూ చెప్పాను, "ఇక్కడ కూడా మన విద్యకు విలువుందే" అని.

పెద్దాయన తూటాలు కాల్చే మైదానానికి తీసుకెళ్ళాడు. అక్కడ మట్టి పళ్ళేలు గాలిలోకి విసిరి కాల్చే ఆట ఆడతారు. నేను చెవులకు మూతలు పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాను. కొత్త చెక్క అప్పుడే వేయొద్దని, చీలినదానికే గట్టిగా టేపు చుట్టించాను. ముందు ఆటకు వాడే తేలిక తూటాలు, 28 గ్రాముల గుళ్ళవి. మూడు కాల్చాడు. ఖాళీ తొడుగులు ఆరు అడుగుల దూరంలో పడ్డాయి. తరువాత కొడుకు వేటకు వాడే బరువు తూటాలు, 35 గ్రాములవి. మూడు కాల్చాడు. తొడుగులు గిరగిరా తిరుగుతూ పదిహేను అడుగుల అవతల పడ్డాయి. పెద్దాయన భుజం రుద్దుకున్నాడు. టేపు విప్పి చూస్తే చీలిక ఇంకో వేలెడు ముందుకు పాకింది.

కొత్త స్ప్రింగు వేసినా దెబ్బ తగ్గలేదు. నా గర్వం అక్కడే మైదానంలో రాలిపోయింది. పెద్దాయన ఏమీ అనలేదు. దారిలో ఐస్‌క్రీము కొనిపెట్టాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంత బరువులో తేడా లేని తూటాకు అంత దూరంలో తేడా ఎందుకు? బ్రేకు పట్టడం లేదన్నమాట. ఎందుకు పట్టడం లేదు? కళ్ళు మూసుకుంటే ఆ ఉక్కు కడియం కనపడింది. దాని ఒక ముఖం చదును. రెండో ముఖం లోపలికి వాలుగా, గరాటులా తిరగబట్టి ఉంది. ఇనుము మీద వాలు తియ్యాలంటే లేతు మీద పని, కూలి, టైము. ఊరికే ఎవడూ వాలు తియ్యడు. ఆ వాలులో ఇమడాల్సింది ఇంకోటి ఉండి తీరాలి. మరి ఆ కడియం ఎక్కడుంది? స్ప్రింగుకు వెనకాల, దేనికీ తగలని చోట, ఖాళీగా కూర్చుని ఉంది.

తెల్లారగానే వెళ్ళి మళ్ళీ విప్పమన్నాను. కంచు కడియం తీసి కిటికీ వెలుతురులో చూశాను. దాని రెండు అంచులూ వాలుగానే ఉన్నాయి. ముందు అంచు అద్దంలా మెరుస్తోంది. వెనక అంచు మసకగా ఉంది. ఏళ్ళ తరబడి దేనితోనూ ఒరుసుకోలేదు. ఉక్కు కడియం వాలు కూడా మసకే. రెండింటినీ దగ్గరకు చేర్చాను. గిన్నెలో గిన్నె కూర్చున్నట్టు కూర్చున్నాయి.

ఇక చెప్పేదేముంది! ఉక్కు కడియం ఉండాల్సింది స్ప్రింగుకు ముందు, కంచు కడియానికి ఆనుకుని. గొట్టం వెనక్కి వచ్చినప్పుడు దాని కింది కడియం ఒక వైపునుంచి, ఉక్కు కడియం ఇంకో వైపునుంచి కంచును నొక్కుతాయి. రెండు వాలుల మధ్య చీలికల కంచు ముడుచుకుని లోపలి గొట్టాన్ని పట్టేస్తుంది. తన్ను ఎంత గట్టిదైతే పట్టు అంత గట్టిది. ఉక్కు కడియం వెనకనుంటే ఒక వైపే పట్టు. తేలిక తూటాకు ఆ పట్టు చాలు. బరువు తూటాకు చాలక గొట్టం పూర్తి వేగంతో వచ్చి గుద్దుతుంది. ఆ అదురంతా పల్చటి చెక్క మీద.

సాయంత్రం మా అబ్బాయి ఆ కంపెనీ పుస్తకం వెతికి కాగితం మీద అచ్చు తీసిచ్చాడు. అందులో బొమ్మలతో సహా ఉంది. బరువు తూటాలకు కడియం ముందు, వాలు కంచు వైపు. తేలిక తూటాలకు కడియం వెనక. "నాన్నా, మొదటే ఇది చూసి ఉంటే సరిపోయేది కదా" అన్నాడు. నిజమే. అయితే విప్పినవాణ్ణి నేను, వాడు కాదు.

కాగితం చూపిస్తే పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ఎంత జాగ్రత్తపరుడంటే, విప్పినప్పుడల్లా ముక్కల్ని వరుసగా పేపరు మీద పెట్టి, మళ్ళీ అదే వరుసలో ఎక్కించేవాడు. అంత జాగ్రత్త ఉండబట్టే ఆ తప్పు అన్నేళ్ళూ చెక్కుచెదరకుండా నిలిచింది. కాసేపటికి మెల్లగా చెప్పాడు. 2012లో ఊళ్ళోకి వచ్చాక మట్టి పళ్ళేల ఆటలో చేరాడు. తేలిక తూటాలు వేస్తే ఖాళీ తొడుగులు బయటికి రాకుండా ఇరుక్కునేవి. కడియం వెనక్కి మార్చమని ఎవరో చెప్పారు. మార్చాడు. చక్కగా పనిచేసింది. చలికాలం వచ్చి కొడుకు తీసుకెళ్ళేటప్పుడు తిరిగి ముందుకు మార్చాలన్న మాట మరిచిపోయాడు. ఆయన వాడేవి ఎప్పుడూ తేలికవి, కొడుకు వాడేవి ఎప్పుడూ బరువువి. అందుకే ఆయన చేతిలో విరగలేదు, కొడుకు చేతిలో విరిగింది.

"వాడు చెప్పాడు" అన్నాడు చివరికి. "భుజం వాచేలా తన్నుతోంది, ఏదో తేడాగా ఉంది నాన్నా అన్నాడు. నేనే, నీ భుజం మెత్తబడిందిలే అన్నాను."

అప్పుడు చెప్పాను నా సంగతి. నా క్రియలు లేని ఇంగ్లీషులోనే.

1988 వేసవి. ఒక లారీ మూడు నెలల్లో మూడుసార్లు మెయిన్ పట్టా విరిగి నా షెడ్డుకు వచ్చింది. మూడుసార్లూ సెంటర్ బోల్టు కన్నం దగ్గరే. డ్రైవరు నూజివీడు వైపు కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో. మూడోసారి ఓనరు కూడా వచ్చాడు. ఓనరు ముందు నేను, "బండి ఏం చేస్తుందండీ, గుంట చూడకుండా తోలితే!" అన్నాను. ఆ ఒక్క మాటతో అతని పని పోయింది. కొత్త డ్రైవరు వచ్చాడు. రెండు నెలలకు అదే పట్టా, అదే కన్నం దగ్గర విరిగింది. అప్పుడు చూశాను యూ బోల్టుల్ని. వదులుగా ఉన్నాయి. పట్టాలు కొత్తవి వేసినప్పుడు బండి లోడుతో కొన్నాళ్ళు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించాలి, లేకపోతే పట్టాలు ఆడి మధ్యలో విరుగుతాయి. ఆ సంగతి నాకు తెలుసు. పని ఒత్తిడిలో ఆ బండిని ఒక్కసారి కూడా వెనక్కి పిలిచి బిగించలేదు. తప్పు నా రెంచిది. ఓనరుకు చెప్పలేదు, డ్రైవరుకూ చెప్పలేదు. బిగించి పంపేశాను. ఆ తరువాత బండి ఎప్పుడూ విరగలేదు, నాకు మంచి పేరు కూడా వచ్చింది.

కొన్నేళ్ళకు హనుమాన్ జంక్షన్‌లో టీ కొట్టు దగ్గర అతను కనపడ్డాడు. "బాగున్నారా బాబాయ్" అని టీ ఇప్పించాడు. తాగాను. ఏమీ చెప్పలేదు.

పెద్దాయనకు ఎంత అర్థమైందో తెలియదు. యూ బోల్టు అనే మాట మాత్రం అర్థమైంది. ట్రాక్టర్లు తోలిన మనిషి. నా వైపు చూసి, బల్ల మీది కడియాన్ని వేలితో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

కడియం ముందుకు మార్చి, చీలినదానికి బదులు కొత్త చెక్క వేసి, బరువు తూటాలు కాలిస్తే తొడుగులు ఆరేడు అడుగుల్లోనే పడ్డాయి. ఇరవై అయిదు కాల్చాడు. చెక్క మీద గీత లేదు. అది జూలై. కొడుక్కి మాత్రం ఫోను చెయ్యలేదు. ఆగస్టు పోయింది, సెప్టెంబరు పోయింది. నేను అడగలేదు. అడగడానికి నాకేం అర్హత?

అయోవాలో ఫెజెంట్ పక్షుల వేట అక్టోబరు చివరి శనివారం ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. మెడకు తెల్ల పట్టీ, పొడవాటి తోక, మన నెమలికి దూరపు చుట్టం అనుకోండి. ఆ ఏడు అది అక్టోబరు 26న వచ్చింది, మర్నాడే దీపావళి. శుక్రవారం సాయంత్రం మా ఆవిడ అరిసెల పిండి కలుపుతుంటే పక్కింటి ముందు ట్రక్కు ఆగింది. కొడుకు దిగాడు, వెనకాలే మనవడు. పెద్దాయన గ్యారేజీ తలుపెత్తి నన్ను కూడా రమ్మని చెయ్యి ఊపాడు.

మనవడి చేత విప్పించాడు. పేపరు మీద ముక్కలు పరిపించాడు. కడియం చేతిలోకి తీసుకుని, వాలు చూపించి, కొడుకు వైపు చూడకుండానే, "ఇది వెనక్కి పెట్టింది నేనే. చెక్క విరిగింది నా వల్ల" అన్నాడు.

కొడుకు నలభై అయిదేళ్ళ మనిషి, ఎత్తుగా, ఎండకు కమిలిన ముఖం. "చెప్పాను కదా, తన్నుతోందని" అన్నాడు.

"చెప్పావు" అన్నాడు పెద్దాయన.

అంతే. కౌగిలింతలేమీ లేవు. కుర్రాడు కడియం ముందు వైపు ఎక్కించి, మూత బిగించి, సరిగా ఉందా అని ఇద్దరినీ చూశాడు. మర్నాడు ముగ్గురూ నారింజ రంగు చొక్కాలు వేసుకుని తెల్లారగట్లే వెళ్ళిపోయారు. సాయంత్రం రెండు పొడవాటి తోక ఈకలు తెచ్చి మా మనవరాలికిచ్చారు. పక్షిని కూడా ఇస్తామన్నారు గానీ, పండగ పూట వద్దని మా ఆవిడ దణ్ణం పెట్టేసింది. నేను ఈకలకంటే ముందు చెక్క చూశాను. నున్నగా ఉంది.

నవంబరు మొదటి వారంలో ఇంటికొచ్చేశాం. సంక్రాంతికి ముందు, 2020 జనవరిలో, ఆ డ్రైవరు ఊరు వాకబు చేసుకుని బస్సెక్కాను. మామిడి తోటల పక్కన చిన్న డాబా ఇల్లు. తలుపు తీసిన అతని కొడుకు, "నాన్న తోటకెళ్ళాడు, కూర్చోండి" అన్నాడు. గంట కూర్చున్నాను. వచ్చాడు. జుట్టు నెరిసింది. గుర్తుపట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా మింగిన మాటలన్నీ చెప్పాను. యూ బోల్టులు నేనే బిగించలేదని, తెలిసి కూడా ఓనరుకు చెప్పలేదని.

అతను కాసేపు చేతి గోళ్ళలో మట్టి తీసుకుంటూ ఉండిపోయాడు.

"నాకు తెలుసు బాబాయ్" అన్నాడు. "లోడు మీద మలుపు తిరిగితే టక్కు టక్కుమని చప్పుడొచ్చేది. రెండోసారి వచ్చినప్పుడు మీకు చెప్పాను. మీరు ఫోనులో ఉన్నారు. చెయ్యి ఊపారు."

నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

లోపలినుంచి టీ వచ్చింది. ఈసారి కప్పు నా చేతికిచ్చి, తనది తను తీసుకోకుండా, "మరి ఆ ఓనరు ఉన్నాడా?" అని అడిగాడు.

"ఉన్నాడు. మంచం మీద ఉన్నాడు" అన్నాను.

"అయితే ఒకసారి వెళ్దాం పదండి. మీరే చెబుదురుగాని" అంటూ చొక్కా కోసం లేచాడు.